మందు వెయ్యని పాకం

కృపానందం వండిన బెల్లం కోసం చీమలు దేవరాపల్లిలో తెల్లవారగట్ల బయలుదేరి, దారిలో తగిలిన కొట్లన్నిటికీ మూతి తిప్పుకుని, నేరుగా రైతు బంగార్రాజు బెల్లం కళ్ళానికి వచ్చేవని ఊళ్ళో చెప్పుకుంటారు. ఒకసారి ఒక గండుచీమ దారి తప్పి ఇంకొకరి కళ్ళంలో దూరి, ఒక్క కొరుకు కొరికి, సిగ్గుపడి వెనక్కి వచ్చేసిందట కూడా. చీమల మాట చీమలకే వదిలేద్దాం. చెరకు ఆడే రోజుల్లో కృపానందం పెనం పక్కన నిలబడితే, బంగార్రాజు ఇంటికి పోయి నిశ్చింతగా అన్నం తినేవాడన్నది మాత్రం నిజం.

ఆ చుట్టుపక్కల కళ్ళాల్లో ఒక కట్టుబాటుంది. ఏడాది మొదటి పెనం అమ్మవారు నూకాలమ్మది. అందులో మందు పడదు. ఇంట్లో పిల్లలు తినడానికి వండుకునే పెనంలోనూ పడదు. అనకాపల్లి మార్కెట్టుకి వెళ్ళే పెనంలో మాత్రం, పాకం పొంగు మీదుండగా, పొట్లం విప్పి తెల్లటి పొడి చల్లుతారు. చల్లగానే ముదురు రంగు రసం పసుపు రాసుకున్న పెళ్ళికూతురిలా తేరుకుంటుంది. ఆ పొడికి హైడ్రోసని ఏదో పేరుంది గాని అందరూ మందనే అంటారు. జబ్బెవరిదో, మందెవరికో అడిగినవాడు లేడు. రంగు లేని బెల్లం దిమ్మని షావుకారు ముట్టుకోడు, ముట్టుకోని దిమ్మని రైతు ఏం చేసుకుంటాడు?

కృపానందం క్రైస్తవుడైనా నూకాలమ్మ పెనం ఏటా అతనే వండుతాడు. పెనానికి మతమేమిటి, మసి తప్ప? చర్చిలో కోత పండగొస్తే మందు పడని దిమ్మ ఒకటి అక్కడికీ తీసుకెళ్తాడు. అమ్మవారికి మంచిది, ప్రభువుకి మంచిది, ఇంటికి మంచిది. మిగతాది మార్కెట్టుకి. ఇన్నేళ్ళూ అతనికి ఇందులో తిరకాసేమీ కనబడలేదు.

తిరకాసు పెట్టింది పాస్టరు ప్రభుదాసుగారు. ఆదివారం వాక్యం చెబుతూ ఆయన, నాగలి పట్టినా చీపురు పట్టినా గరిటె పట్టినా ఆ పని ప్రభువు చేతికి అందిస్తున్నట్టు చెయ్యాలన్నారు. మిగతావాళ్ళు ఆమెన్ అని ఇళ్ళకి పోయారు. కృపానందానికి ఆ గరిటె మాట గొంతులో చేపముల్లులా దిగబడిపోయింది. గరిటె పట్టేవాడు ఆ సంఘం మొత్తానికి అతనొక్కడే మరి.

సోమవారం పొద్దున్న పెనంలో రసం కాగుతోంది. బెండమొక్కల జిగురు పోసి, పైకి తేలిన మడ్డిని చిల్లుల గరిటెతో అంచుకి లాగి తీస్తున్నాడు. మడ్డి తీసేకొద్దీ అడుగున రసం ఊట నీళ్ళలా తేటపడుతోంది. అది చూస్తూ నిలబడ్డాడు. ఇంత మురికీ తీసి, ఆఖర్న పొట్లం విప్పి ఇంకో మురికి వేస్తున్నాను కదా అనుకున్నాడు. అన్ని పెనాలూ ప్రభువువే అయితే మార్కెట్టు పెనమనేది ఇంకెక్కడుంది?

పాకం పొంగింది. కృపానందం పొట్లం విప్పాడు. పెనం మీదికి చెయ్యి ఊపాడు గాని పొడి పడనివ్వలేదు. పిట్టగోడ మీంచి అవతలికి వంగి బూడిద గుంటలో దులిపేశాడు. కిందనుంచి ఘాటుగా ఒక వాసన పైకి లేచింది.

ఆ గోడకి అవతల, పొయ్యి నోటి దగ్గర కూర్చునేది తలుపులమ్మ. ఎండిన చెరకు పిప్పిని చేత్తో తోస్తూ, మంటని పెంచుతూ తగ్గిస్తూ ఉండడం ఆవిడ పని. గోడ అడ్డం కాబట్టి వాళ్ళిద్దరూ పని వేళ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, కేకలే. పెంచనా తమ్ముడూ అని కిందనుంచి ఒక కేక. తగ్గించప్పా అని, అక్కని పిలిచినట్టే, పైనుంచి ఒక కేక. వాళ్ళ మధ్య వేరే మాటలు ఏడాదికి పిడికెడుంటాయో ఉండవో.

ఆ రోజూ, మర్నాడూ వండిన పెనాలన్నీ అలాగే వండాడు. చెక్కతొట్టిలో పోసి పారతో కలియబెడుతుంటే పాకం పాత రాగిచెంబు రంగులో మెరిసింది. ఒక పలుకు నోట్లో వేసుకుంటే చిన్నప్పటి రుచి. అతనికి పాట పాడాలనిపించింది. పాడాడు కూడా, రాగం తప్పినా. ఎవరికీ చెప్పకుండా చేస్తున్న పని అని అప్పటికి తోచలేదు. దేవుడికి తెలుసు కదా, ఇంకెవరికి చెప్పాలి అనుకున్నాడు. బంగార్రాజనే మనిషి ఒకడున్నాడనీ, ఆ చెరకు ఆ మనిషిదనీ గుర్తు రాలేదంటే, పుణ్యం కూడా ఒక్కోసారి కల్లులా తలకెక్కుతుందన్నమాట.

బుధవారం మార్కెట్టు యార్డులో షావుకారు త్రినాధరావు బంగార్రాజు దిమ్మలని గోటితో గీరి చూశాడు. అతని గోటికి ఊరూరి రైతులూ భయపడతారు. గీరి, గోరు గుమాస్తా చొక్కాకి తుడిచి, "ఏటి బంగార్రాజూ, ఈ ఏడు బొగ్గులు కూడా అమ్మకానికెట్టేవా?" అన్నాడు. పక్కనున్న రైతులు నవ్వారు. నిన్నటిదాకా ఆ నవ్వే రైతుల్లో బంగార్రాజూ ఒకడు. దిమ్మలన్నిటినీ పశువుల దాణాకి పోయే వరసలో పెట్టించేశాడు.

మధ్యాహ్నం అతను కళ్ళానికి వచ్చేసరికి మొహం ఆ దిమ్మల కంటే నల్లగా ఉంది. చెప్పులు కూడా విప్పకుండా పెనం దగ్గరికి వచ్చి, మందు సరిగా పడుతోందా అని అడిగాడు. కృపానందం గరిటె ఆపలేదు.

"పొట్లాలన్నీ ఖాళీయే కదా బాబు. సూడండి."

ఖాళీయే. అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. రెండింటికీ మధ్య ఒక సన్నటి గట్టుంటుంది, దాని మీద మనిషి ఎంతసేపైనా నిలబడగలడు, పక్కవాడు పడిపోయేదాకా.

బంగార్రాజు పొట్లాలు చూశాడు. రసం చూశాడు. నేల మంచిదే, చెరకు మంచిదే, వండే మనిషి మంచివాడే. ఇంక మిగిలింది మంట. గోడ చుట్టూ తిరిగి పొయ్యి దగ్గరికి పోయాడు. మంట ఎక్కువేసి పాకం మాడ్చేశావన్నాడు. కళ్ళు కనబడకపోతే ఇంటికాడుండాలి గాని నా కొంప ముంచుతావేటి అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. అవన్నీ రాస్తే కాగితం మాడుతుంది.

కృపానందం గోడ మీంచి కిందకి చూశాడు. తలుపులమ్మ మొహమెత్తి అతని వైపు చూసింది. చాలాసేపు చూసింది. చేతిలో మిగిలిన పిప్పిని పొయ్యిలోకి తోసి, చీర చెంగుతో మోచేతుల దాకా బూడిద దులుపుకుని, గోడకి ఆనించిన అన్నం గిన్నె తీసుకుని నడిచి వెళ్ళిపోయింది.

కృపానందం గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఈలోగా పాకం పొంగి అంచు మీద పడితే, అదే సాకని అటు తిరిగిపోయాడు.

మర్నాడు పొయ్యి దగ్గరికి అప్పారావనే మనిషి వచ్చాడు. పాకం పొంగేసరికి బంగార్రాజు పెనం పక్కనే ఉన్నాడు. అతని కళ్ళెదుట పొట్లం విప్పిన కృపానందం చెయ్యి ఈసారి గోడవతలికి పోలేదు. పొడి తిన్నగా పెనంలో పడింది. రసం పసుపు తిరిగింది. దిమ్మలు బంగారు ఇటుకల్లా వచ్చాయి.

"సూసేవా కిరపా," అన్నాడు బంగార్రాజు, "మనిషి మారేసరికి రంగెలా మారిపోనాదో."

వెయ్యని మందుకి తలుపులమ్మ పని పోయింది. వేసిన మందుతో ఆ నేరం రుజువైపోయింది. రెండూ ఒక్క చేతి పనే. ఆ చెయ్యి ఆ సాయంత్రం ఎంత తోమినా జిగురు వదలలేదు.

శుక్రవారం ప్రభుదాసుగారు ప్రార్థనకని మోటారు సైకిలు మీద ఇళ్ళకి వస్తూ కృపానందం గుమ్మం ముందు ఆగారు. కృపానందం సగం కథ చెప్పాడు. గరిటె వాక్యం విన్నదీ, మందు వెయ్యడం మానేసిందీ చెప్పాడు. మళ్ళీ వేసిందీ, తలుపులమ్మ సంగతీ నోట్లోనే ఉండిపోయాయి. పాస్టరుగారి కళ్ళు చెమర్చాయి. తన వాక్యం ఒక మనిషి చేతిలో పనిగా మారడం ఆయనకి రోజూ దొరికే భాగ్యం కాదు. చెయ్యి పట్టుకుని, ఆదివారం కోత పండగలో అందరి ముందూ లేచి ఈ సంగతి సాక్ష్యంగా చెప్పాలన్నారు. కానుకగా వచ్చిన కూరగాయలూ కోళ్ళూ వేలం పాడుకోడానికి ఊరంతా వస్తారు, అన్యులు కూడా వింటారన్నారు. కృపానందం తలూపాడు. ఊపిన తల చాలాసేపు ఆగలేదు.

ఆయన వెళ్ళాక, టీ గ్లాసులు కడుగుతున్న అతని భార్య సుందరమ్మ వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"సంగంలో సెప్పే సాచ్చెం సరే. తలుపులమ్మకి సెప్పే సాచ్చెం ఏదయ్యా?"

ఆవిడకెలా తెలిసిందని అడగలేదతను. ఇంట్లో చొక్కాలుతికే మనిషికి జేబులో ఏముందో తెలియదా? ఆ రాత్రి అన్నంలో చేప ఉన్నా చెయ్యి ఆడలేదు.

శనివారం పొద్దున్నే కృపానందం బంగార్రాజు ఇంటికి వెళ్ళాడు. బంగార్రాజు పెరట్లో గేదెకి కుడితి పెడుతున్నాడు. కృపానందం కండువా భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని, అంతా చెప్పేశాడు. ఏ రోజుల్లో మందు వెయ్యలేదో, ఎక్కడ దులిపేశాడో, ఎందుకో. తనని పనిలోంచి తీసేసినా ఫరవాలేదు గాని తలుపులమ్మని పిలవమన్నాడు.

బంగార్రాజు కుడితిలో చెయ్యి పెట్టి కలుపుతూ ఉండిపోయాడు. కొడతాడేమో అనుకున్నాడు కృపానందం. కొట్టి ఉంటే బాగుండేది. అతను చెయ్యి విదిలించుకుని, నెమ్మదిగా, దయగానే మాట్లాడాడు.

"అయిందేదో అయిపోనాది. నీలాటి వంట మనిసి ఈ సీజన్లో నాకెక్కడ దొరుకుతాడు? నువ్వు మందెయ్యి, నేను మర్సిపోతాను. దాన్ని మాత్రం పిలవలేను. ఊరందర్లో మాడ్సేసిందని సెప్పేసేను. ఇప్పుడు పిలిత్తే నా మాటేటవుతాది?"

"నా తప్పని మీరు సెప్పొచ్చు కదా బాబు."

"నోరు మూసుకుని కళ్ళానికి పో. కుడితి సల్లారిపోతంది."

క్షమాపణ ఇంత చవగ్గా దొరుకుతుందని కృపానందం ఎప్పుడూ అనుకోలేదు. పెనం దగ్గరవాడు కావాలి కాబట్టి అతని తప్పు తప్పు కాదు. పొయ్యి దగ్గర మనిషి ఎవరైనా ఒకటే కాబట్టి ఆవిడ లేని తప్పు కూడా తప్పే.

అటునుంచి వెతుక్కుంటూ వెళ్ళేసరికి తలుపులమ్మ వేరేవాళ్ళ మడిలో చెరకు జడలు కడుతోంది. పడిపోకుండా నాలుగేసి గడలు దగ్గరికి లాగి, వాటి ఆకులతోనే చుట్టి ముడివేసే పని అది. ఆకు అంచు రంపంలా కోస్తుంది. చేతులకి గుడ్డలు చుట్టుకుంది గాని గుడ్డలు కూడా చిరిగాయి. కృపానందం గట్టు మీద నిలబడ్డాడు. ఆవిడ పని ఆపకుండానే, ఏటి తమ్ముడూ ఇలాగొచ్చేవు అంది. ఆ గొంతులో కోపం లేదు. అది అతనికి ఇంకా కష్టంగా తోచింది.

"అప్పా, మాడ్సింది నువ్వు కాదు. నేను మందెయ్యలేదు."

"తెలుసు. నా బూడిదలోనే కదా పోసేవు. కళ్ళు మండిపోనాయి."

కృపానందం గట్టు మీద కూర్చున్నాడు. తెలిసి ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఆవిడ ముడి బిగించి, పళ్ళతో ఆకు కొస తెంపి ఉమ్మేసింది. అందులో అడగడానికేముందన్నట్టు చూసింది.

"మొక్కుకున్నావనుకున్నాను. ఊరికే ఎవుడైనా మందు పారబోత్తాడా? మీ దేవుడికేదో మొక్కు. తీరకుండా బయటికి సెప్తే మొక్కు సెడిపోద్ది. ఆ బంగార్రాజు అరుత్తుంటే నోటిదాకా వచ్చింది. ఇంట్లో ఎవులికేం బాగోలేదో, సెడగొట్టకూడదని మింగేసేను."

గాలికి చెరకు ఆకులు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. మొక్కేనని అనేస్తే సరిపోయేది. ఆవిడ తృప్తిగా ముడులు వేసుకుంటూ ఉండేది. ఆ మాట అతని నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"మొక్కు కాదప్పా," అన్నాడు.

"మరి?"

"మంచి పని సేద్దామని మొదలెట్టేను. ఆయన అడిగినప్పుడు బయమేసింది."

తలుపులమ్మ చేతులు మొదటిసారి ఆగాయి. పట్టుకున్న గడలు వదిలేస్తే అవి ఒక్కొక్కటే విడిపోయి వాలిపోయాయి.

"బయమా?" అంది. "బయానికా నేను నోరు మూసుకున్నది?"

అంతే అంది. తిట్టలేదు. వాలిన గడలని మళ్ళీ దగ్గరికి లాక్కుని అతనికి వీపు పెట్టి కట్టుకోడం మొదలెట్టింది. కృపానందం కాసేపు ఆ వీపుని చూసి, లేచి వచ్చేశాడు.

కోత పండగ నాడు చర్చి ముందు పందిరి కింద గుమ్మడికాయలూ అరటి గెలలూ ధాన్యం బస్తాలూ పేర్చారు. కాళ్ళు కట్టేసిన ఒక పుంజు ప్రతి కీర్తనకీ తన వంతు గొంతు కలిపింది. పాస్టరుగారి కంటే దానికే రాగం బాగా వచ్చునని పిల్లలు నవ్వుకున్నారు. వేలంలో అరటి గెల పాడదామని బంగార్రాజు భార్య మరిడమ్మ కూడా వచ్చి ఆడవాళ్ళలో కూర్చుంది. కృపానందం చేతులు ఖాళీగా వచ్చాడు. అతని దిమ్మ ఏదని ఎవరో అడిగితే, ఈ ఏడు తేలేదన్నాడు.

పాస్టరుగారు పేరు పిలిచారు. మన సహోదరుడు గరిటెతో ప్రభువుని మహిమపరిచాడు, విందామన్నారు. అతను లేచాడు. మైకు చేతికిస్తే, మడ్డి గరిటెలా రెండు చేతులా పట్టుకున్నాడు. మందు పారబోసిన దాకా చెబితే జనం స్తోత్రం అన్నారు. ఆ మాట తన మీద చల్లిన తెల్లపొడిలా అనిపించిందతనికి.

"ఆగండి," అన్నాడు. "స్తోత్రం అనకండి."

అప్పుడు మిగతా సగం చెప్పాడు. ఖాళీ పొట్లాల మాట చెప్పాడు. తలుపులమ్మ గిన్నె పట్టుకుని వెళ్ళిపోతుంటే తను పాకం వైపు తిరిగిపోయింది చెప్పాడు. మర్నాడు మళ్ళీ మందు వేసింది చెప్పాడు. ప్రభువుకని దాచిపెట్టి చేసిన పని ఇంకొకరి నెత్తి మీద పడితే అది ఎవరికి చేసినట్టో తనకి తెలియడం లేదన్నాడు. తలుపులమ్మ మాడ్చలేదు, మాడ్చలేదు అని రెండుసార్లు అన్నాడు. మైకు ఎవరికివ్వాలో తెలియక కుర్చీ మీద పెట్టేశాడు. అది కాసేపు కుయ్యిమని ఊరుకుంది.

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు పుస్తకం మూసి, తల వంచుకుని కూర్చున్నారు. మరిడమ్మ అరటి గెల మాటే మరిచిపోయి లేచి ఇంటికి పోయింది. నడిచిందనేవాళ్ళున్నారు గాని, కాళ్ళు నేలకి తగల్లేదనే వాళ్ళే ఎక్కువ.

సోమవారం కృపానందం కళ్ళానికి వెళ్ళేసరికి పొయ్యి దగ్గర తలుపులమ్మ ఉంది. బంగార్రాజు కబురు పెట్టాడట. పెట్టలేదు, మరిడమ్మే తెల్లారి వెళ్ళి తీసుకొచ్చిందని ఇంకొందరన్నారు. ఆవిడ అతని వైపు చూడలేదు. పిప్పిని ఎండింది ఒకవైపూ, మంచుకి తడిసింది ఒకవైపూ వేరు చేస్తోంది. గానుగ మోటారొక్కటే మాట్లాడింది.

రసం కాగింది. మడ్డి తీశాడు. పొంగు వచ్చింది. బంగార్రాజు పొట్లం తెచ్చి పెనం అంచు మీద పెట్టాడు.

"నేనెయ్యను బాబు," అన్నాడు కృపానందం. మాట అందరికీ వినపడింది. "దాసి సెయ్యట్లేదు, మొగం మీదే సెబుతున్నాను. ఇలాగే వండమంటే వండుతాను, నల్లగా వత్తాది. వద్దంటే పోతాను."

బంగార్రాజు చూపు పెనం మీద నుంచి రోడ్డు మీదికి పోయింది. అక్కడ అనకాపల్లి వెళ్ళే ట్రాక్టర్లు దిమ్మలతో పోతున్నాయి. అప్పులపాలైన మొహం కాదు గాని, మార్కెట్టులో ఒకసారి నవ్వులపాలైన మొహం అతనిది. పొంగు అంచు దాకా లేచింది. అతను పొట్లం తీసుకుని తన చేత్తోనే విప్పి చల్లాడు. రసం పసుపు తిరిగింది. ఆ రంగుని అతనూ చూడలేదు.

కృపానందం చిల్లుల గరిటె గోడకి ఆనించాడు. మెట్లు దిగి, గోడ చుట్టూ తిరిగి, పొయ్యి నోటి దగ్గరికి వచ్చాడు. ఆ వేడి మొహానికి కొట్టి ఒకడుగు వెనక్కి నెట్టింది. ఇన్నేళ్ళూ పైనుంచి పెంచు తగ్గించు అని కేకేసినవాడికి కిందనుంచి పెనం ఎలా ఉంటుందో తెలియదు. నల్లటి అడుగు తప్ప ఏమీ కనబడలేదు. తలుపులమ్మ పక్కన గొంతుక్కూర్చుని, చేతికందిన పిప్పి తీసి ఆవిడకి అందించాడు.

పైనుంచి బంగార్రాజు పాకం వచ్చిందో లేదో చూడమని కేకేశాడు. మళ్ళీ కేకేశాడు.

తలుపులమ్మ అతను అందించిన పిప్పిని వేళ్ళతో నలిపి చూసి పక్కన పడేసింది.

"అది తడిది," అంది. "ఎండింది ఇయ్యి."